గొంతు మిక్సింగ్‌కు సిద్ధపు ఎఫెక్ట్ చైన్లు: ఏ రకం ఎవరికి తగును?

ఇంట్లో ఒక మైకు, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కంప్యూటరు పెట్టుకుని పాటలు రికార్డు చేసేవారిలో చాలామందికి పాడటం దగ్గర ఇబ్బంది ఉండదు. పాడిన గొంతు వెనుకనున్న వాద్యాల ట్రాకుతో కలిసిపోయి నిండుగా ఎందుకు వినబడటం లేదన్న దగ్గరే పని ఆగిపోతుంది. ఈక్యూ (ధ్వనిలోని మంద్ర, తార భాగాలను పెంచేది, తగ్గించేది), కంప్రెసర్ (గట్టి శబ్దాలను నొక్కి మట్టాన్ని సమం చేసేది), డీ-ఎస్సర్ (స, శ వంటి అక్షరాల ఊదును తగ్గించేది), రివర్బ్ (గదిలో పాడినట్టు మోగించేది), డిలే (శబ్దాన్ని కాస్త ఆగి మళ్ళీ వినిపించేది) అన్నీ రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి గాని ఏది ముందు పెట్టాలో, ఏది వెనుక పెట్టాలో, దేనికి ఎంత విలువ ఇవ్వాలో తెలియదు. ఆ లోటు తీర్చడానికి వచ్చినవే సిద్ధపు చైన్లు: ఎఫెక్టులను ఒక వరుసలో పేర్చి, వాటి విలువలు కూడా పెట్టి, మొత్తాన్ని ఒకే ప్రీసెట్‌గా భద్రపరిచినవి. సాఫ్ట్‌వేర్‌తో పాటు ఉచితంగా వచ్చేవి కొన్ని, ఒకే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే చిన్న ఎఫెక్టు ప్రోగ్రాము) రూపంలో అమ్ముడయ్యేవి కొన్ని, గొంతును విని తామే విలువలు పెట్టేవి కొన్ని, ఎవరో తయారుచేసి ప్యాకులుగా అమ్మేవి కొన్ని ఉన్నాయి. మనం స్వయంగా కట్టుకునేది మరొకటి. వీటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు చాలామంది ధరను బట్టి, లేదా అమ్మేవారు వినిపించే నమూనా పాటను బట్టి నిర్ణయిస్తారు. ఆ రెండూ అంత నమ్మదగిన కొలబద్దలు కావని నా అభిప్రాయం.

ఎందుకంటే ప్రతి చైన్‌లోనూ వరుస ఒకటి, అంకెలు ఒకటి ఉంటాయి, ఆ రెండింటి స్వభావం వేరు. ఏ ఎఫెక్టు తరువాత ఏది రావాలన్న వరుస వెనుక గట్టి కారణాలుంటాయి, అవి పాట మారినా పెద్దగా మారవు. శ్రుతి సరిచేసే ప్లగిన్ ముందుంటుంది, ఎందుకంటే మిగతా ఎఫెక్టులు తాకని శుభ్రమైన గొంతులోనే అది స్వరాన్ని సరిగా గుర్తుపట్టగలదు. దాని తరువాత 80 హెర్ట్జ్ ప్రాంతంలో హై-పాస్ ఫిల్టర్ (ఆ హద్దుకు కిందనున్న ధ్వనులను తీసేసేది) పెట్టి ఫ్యాను గాలి మోతనూ, మైకు స్టాండు ద్వారా వచ్చే అదురునూ తీసేస్తారు. అలా తీయకపోతే చెవికి సరిగా వినబడని ఆ మంద్ర శబ్దమే కంప్రెసర్‌ను కదిలిస్తూ ఉంటుంది. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య పేరుకునే మసకను కొద్దిగా తగ్గించి, ఆ తరువాత కంప్రెసర్, దాని వెనుక డీ-ఎస్సర్, చివర గొంతుకు మెరుపు తెచ్చే పై ఈక్యూ పెట్టడం చాలామంది అనుసరించే పద్ధతి. ఒక కంప్రెసర్‌కు బదులు రెండు వరుసగా పెట్టడం కూడా పాత స్టూడియోల నుంచి వచ్చిన అలవాటే. 1967లో వచ్చిన 1176 కంప్రెసర్ 20 నుంచి 800 మైక్రోసెకన్లలో (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు) స్పందించి ఒక్కసారిగా ఎగిసే శబ్దాలను పట్టుకుంటుంది. దాని వెనుక పెట్టే ఎల్ఏ-2ఏ కంప్రెసర్ అంతకంటె చాలా నెమ్మదిగా కదిలి పాదం మొత్తాన్ని ఒక మట్టంలో నిలుపుతుంది. నేటి చైన్లలో చాలావాటిలో ఈ జంట ఏదో ఒక పేరుతో కనిపిస్తుంది.

అంకెల సంగతి అలా కాదు. కంప్రెసర్ థ్రెషోల్డ్ (ఏ మట్టం దాటితే అది పని మొదలుపెడుతుందో ఆ హద్దు) మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర ఉన్న చైన్‌ను తీసుకుందాం (ఇక్కడ సున్నాయే గరిష్ఠం, మైనస్ అంకె పెరిగేకొద్దీ శబ్దం తక్కువ). ఆ చైన్ కట్టినవారి రికార్డింగులో గొంతు సగటున మైనస్ 18 దగ్గర ఉంటే, కంప్రెసర్ పాట అంతటా కొద్దికొద్దిగా పనిచేస్తూ ఉంటుంది. మన రికార్డింగు సగటు మైనస్ 32 దగ్గర ఉంటే అదే చైన్‌లో కంప్రెసర్ దాదాపు కదలదు. డీ-ఎస్సర్ కూడా చాలావాటిలో ఇదే తీరున మట్టాన్ని బట్టి నడుస్తుంది కనుక అదీ కదలదు. అదే మన గొంతు మైనస్ 8 దగ్గర ఉంటే రెండూ విపరీతంగా నొక్కేసి, గొంతు ఊపిరాడనట్టుగా వినబడుతుంది. అంటే చైన్‌లో తప్పు లేకపోయినా, పాడినవారు బాగా పాడినా, ఫలితం చెడవచ్చు. కాబట్టి వరుసను నిశ్చింతగా అరువు తెచ్చుకోవచ్చు, అంకెలను మాత్రం ప్రతి పాటకూ మళ్ళీ చూసుకోవాలి. ఆ అంకెలను మన గొంతుకు తగినట్టు మార్చుకోవడానికి ఏ రకం చైన్ ఎంత వీలు ఇస్తుందన్నదాన్నే నేను అన్నిటికంటె ముందు చూస్తాను. మరో సాఫ్ట్‌వేర్‌కో మరో కంప్యూటర్‌కో మారినప్పుడు ఆ చైన్ మనతో వస్తుందా లేదా అన్నది ఆ తరువాతి ప్రశ్న. ధర మూడోది.

సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే చైన్లు

కొత్తవారు మొదట వెళ్ళవలసింది ఇక్కడికే, కాని చాలామంది వీటిని దాటేసి డబ్బు పెట్టే దారి పడతారు. మ్యాక్ కంప్యూటర్లలో నడిచే లాజిక్ ప్రోలో లైబ్రరీ తెరిస్తే గొంతుకు, వాద్యాలకు విడివిడిగా ఛానెల్ స్ట్రిప్ సెట్టింగులు కనిపిస్తాయి; ఒకదాన్ని నొక్కగానే వరుస మొత్తం ట్రాకు మీదికి వచ్చేస్తుంది, ప్రతి ప్లగిన్‌నూ తెరిచి లోపలి విలువలు చూడవచ్చు. ఉచితంగా దొరికే గరాజ్‌బ్యాండ్‌లో ఇదే పద్ధతి మరింత సరళంగా ఉంటుంది, అందులో మొదలుపెట్టిన పాటను తరువాత లాజిక్‌లో తెరుచుకోవచ్చు. ఏబుల్టన్ లైవ్‌లో ఆడియో ఎఫెక్ట్ ర్యాక్ అనే ఏర్పాటు ఉంది. చైన్ మొత్తాన్ని ఒక పెట్టెలో పెట్టి, లోపలి ముఖ్యమైన విలువలను బయట మ్యాక్రో నాబ్‌లకు (తిప్పితే లోపలి విలువలు మారే మీటలకు) కలుపుకోవచ్చు. 2021లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఒక ర్యాక్‌కు 16 మ్యాక్రోల వరకు పెట్టుకోవచ్చు. ఎఫ్‌ఎల్ స్టూడియోలో మిక్సర్ ట్రాక్ స్థితిని ఒక ఫైలుగా భద్రపరుచుకుని, తరువాతి పాటలో దాన్ని లాగి వదిలితే చాలు. రీపర్‌లో ఎఫ్‌ఎక్స్ చైన్ అనే పేరుతోనే ఈ సౌకర్యం ఉంది. 2023లో వచ్చిన రీపర్ 7 నుంచి ఎఫెక్టులను కంటైనర్లలో సర్దుకోవడం, వాటిని సమాంతరంగా నడపడం కూడా సాధ్యమైంది.

వీటి గొప్పతనం పారదర్శకత. ఏదీ దాగి ఉండదు, ఏ ప్లగిన్ లేదన్న హెచ్చరిక రాదు, పాత కంప్యూటరు మీద కూడా తేలికగా నడుస్తాయి. లోపమల్లా ఇవి ఆ సాఫ్ట్‌వేర్ గడప దాటవు. లాజిక్‌లో కట్టుకున్నది ఎఫ్‌ఎల్‌లో తెరుచుకోదు, ఏబుల్టన్ ర్యాక్ రీపర్‌కు అర్థం కాదు. ఒకే సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవారికి ఇది లోపమే కాదు. ఇంకా ఏదీ ఎంచుకోనివారికి, కంప్యూటర్లు మారుస్తూ ఉండేవారికి, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడిచే రీపర్ అనుకూలంగా ఉంటుంది. వ్యక్తిగత వాడకానికి దాని తగ్గింపు లైసెన్సు 60 డాలర్లు, అంతకు ముందు 60 రోజులు ఏ సౌకర్యమూ తగ్గించకుండా పరీక్షించి చూసుకోవచ్చు. లాజిక్ ప్రో మ్యాక్ వెర్షన్ ధర 199.99 డాలర్లు. రీపర్‌తో వచ్చే ప్లగిన్ల రూపం కంటికి ఇంపుగా ఉండదన్న మాట నిజమే. పని మాత్రం లోటు లేకుండా చేస్తాయి.

ఫోనులోనే పాడి ఫోనులోనే ముగించేవారికి బ్యాండ్‌ల్యాబ్ ఉంది. ఉచితం, బ్రౌజరులో కూడా నడుస్తుంది, గొంతు ప్రీసెట్లు చాలానే ఉన్నాయి, వాటిలోని ఎఫెక్టుల విలువలు మార్చుకోవచ్చు. సామాజిక మాధ్యమాల్లో పెట్టే నిమిషం, రెండు నిమిషాల పాటకు అంతకు మించినది అక్కర్లేదు.

ఒకే ప్లగిన్‌లో మొత్తం చైన్

వేవ్స్ సంస్థ అమ్మే సీఎల్ఏ వోకల్స్ ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. మిక్సింగ్ ఇంజనీరు క్రిస్ లార్డ్-ఆల్జీ పనితీరు ఆధారంగా చేసిన ఈ ప్లగిన్‌లో బేస్, ట్రెబుల్, కంప్రెస్, రివర్బ్, డిలే, పిచ్ అని ఆరు ఫేడర్లు మాత్రమే ఉంటాయి, ఒక్కో ఫేడరుకు మూడు రంగుల స్వభావాలుంటాయి. పాడటం వచ్చి, సాంకేతిక విషయాల మీద ఆసక్తి లేనివారికి ఇంతకంటె సులువైనది కనిపించదు. ఇందులో ఇన్‌పుట్ సెన్సిటివిటీ అనే నాబ్ ఒకటి ఉంది. కొనుక్కున్నవారిలో ఎక్కువమంది దాన్ని ముట్టుకోరు. పైన చెప్పిన మట్టం సమస్యకు ఆ ప్లగిన్ చేసిన వారు ఇచ్చిన పరిష్కారం అదే. దాన్ని సరిచేయకుండా కంప్రెస్ ఫేడరును ఎంత జరిపినా ఫలితం దైవాధీనమే.

ఈ రకంలో నాకు కనిపించే ఇబ్బంది ఏమిటంటే లోపల ఏం జరుగుతోందో కనబడదు. గొంతు గరుకుగా వినబడితే అది కంప్రెసర్ వల్లనా, ట్రెబుల్ వల్లనా అన్నది ఫేడర్లు ఒక్కొక్కటిగా ఆపి చూసి తేల్చుకోవలసిందే. రివర్బ్ కూడా లోపలే ఉండటం మరో చిక్కు. ప్రధాన గొంతుకు ఒకటి, కోరస్ గొంతులు నాలుగింటికి నాలుగు పెడితే ఐదు రివర్బ్‌లు నడుస్తాయి: కంప్యూటర్ మీద భారం ఒక పక్క, ఐదుగురు ఐదు గదుల్లో పాడినట్టు వినబడటం ఇంకో పక్క. అటువంటప్పుడు ప్లగిన్‌లోని రివర్బ్, డిలే ఫేడర్లను ఆపేసి, విడిగా ఒక బస్ (చాలా ట్రాకుల ధ్వని వచ్చి కలిసే ఉమ్మడి ఛానెల్) మీద ఒకే రివర్బ్ పెట్టి, అన్ని గొంతులనూ సెండ్ (ట్రాకు ధ్వని నకలును బస్‌కు పంపే మీట) ద్వారా దానికి పంపాలి. ఏ రకం చైన్ వాడినా ఈ పద్ధతి మేలు. కొనే ప్యాకులలో రివర్బ్‌ను ట్రాకు మీదనే ఇన్సర్టుగా, అంటే ఆ ట్రాకు ఒక్కదానికే, పెట్టి ఇవ్వడం మామూలు కనుక అక్కడ మరీ అవసరం.

తానే విని విలువలు పెట్టేవి

ఐజోటోప్ సంస్థ 2016లో తెచ్చిన న్యూట్రాన్‌లో ట్రాక్ అసిస్టెంట్‌ను, 2018లో తెచ్చిన నెక్టార్ 3లో వోకల్ అసిస్టెంట్‌ను పెట్టింది. పాటలో కొంత భాగం వినిపిస్తే ఇవి గొంతు మట్టాన్నీ, స్వభావాన్నీ కొలిచి, ఈక్యూ, కంప్రెసర్, డీ-ఎస్సర్ వంటివాటికి తామే విలువలు పెట్టి చైన్‌ను మన చేతికి ఇస్తాయి. నేను పెట్టుకున్న కొలబద్ద ప్రకారం చూస్తే, అంకెల సమస్యను మన చేతికి వదలకుండా తానే పట్టించుకున్నది ఈ రకమొక్కటే. థ్రెషోల్డ్ మన గొంతును బట్టే నిలుస్తుంది, ఎవరి రికార్డింగునో బట్టి కాదు. పైగా ఆ పని ముగిశాక ప్రతి విలువా తెరిచి చూడవచ్చు, మార్చవచ్చు. కొత్తవారికి ఇది ఒక విధంగా పాఠం కూడా: తమ గొంతులో ఏ ప్రాంతాన్ని అది తగ్గించిందో చూస్తే, తరువాతి పాటలో అక్కడే మొదలుపెట్టవచ్చు.

అయితే ఇవి విన్న భాగాన్ని బట్టే నిర్ణయిస్తాయన్నది మరువకూడదు. పల్లవి నెమ్మదిగా, చరణం చివర తారస్థాయిలో ఉన్న పాటకు పల్లవి మాత్రమే వినిపిస్తే, చరణం దగ్గర కంప్రెసర్ అదుపు తప్పినట్టు నొక్కుతుంది. గొంతు గట్టిగా ఎగిసే భాగాన్నే వినిపించాలి. తరువాత, ఇవి మెరుపు కాస్త ఎక్కువగా పెట్టే వైపు మొగ్గుతాయని నాకు అనిపిస్తుంది. తక్కువ ధర కండెన్సర్ మైకుల్లో చాలావాటికి పై ధ్వనులు ముందే ఎత్తుగా ఉంటాయి కనుక ఆ మెరుపును సగానికి తగ్గించడం మంచిది. పాట మొత్తానికి చివర చేసే మాస్టరింగ్‌కు కూడా ఇటువంటి సహాయకాలు వచ్చాయి. 2023లో వచ్చిన లాజిక్ ప్రో 10.8తో మాస్టరింగ్ అసిస్టెంట్ అదనపు ఖర్చు లేకుండానే దొరుకుతోంది.

ప్యాకులుగా అమ్మే చైన్లు

ఫలానా గాయకుడి గొంతులా వినబడుతుందని చెప్పి అమ్మే ప్యాకుల విషయంలో నా సలహా కొంచెం కటువుగానే ఉంటుంది: మొదటి చైన్‌గా వీటిని కొనవద్దు. నమూనాలో వినబడే గొంతు మంచి గదిలో, మంచి మైకు ముందు, అనుభవమున్నవారు పాడినది. చైన్ చేసింది అందులో కొంత భాగమే. కొన్నాక బయటపడే ఖర్చు ఇంకొకటుంది. చైన్‌లో వాడిన ప్లగిన్లు మన దగ్గర లేకపోతే అది సగం ఖాళీగా తెరుచుకుంటుంది, ఆ ప్లగిన్ల ధర ప్యాకు ధరకు ఎన్నో రెట్లు కావచ్చు. అయినా కొనాలనుకుంటే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ప్లగిన్లనే వాడామని స్పష్టంగా రాసినదాన్ని, మన సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ చెప్పినదాన్ని, గొంతు ఏ మట్టంలో ఉండాలో సూచించినదాన్ని చూడాలి. మట్టం గురించి ఒక్క మాట కూడా లేని ప్యాకును కట్టినవారికే ఈ సమస్య తెలియదని అనుకోవచ్చు.

వేవ్స్ వారి స్టూడియోర్యాక్ వేరే కోవకు చెందుతుంది. ఇది ఉచితంగా దొరికే ఒక ఖాళీ పెట్టె వంటి ప్లగిన్; అందులో చైన్ కట్టి, మ్యాక్రో నాబ్‌లు కలిపి, భద్రపరుచుకుంటే అదే చైన్‌ను మరో సాఫ్ట్‌వేర్‌లో కూడా తెరుచుకోవచ్చు. రెండు మూడు సాఫ్ట్‌వేర్ల మధ్య తిరిగేవారికి, ఇంట్లో ఒకటి, స్టూడియోలో ఒకటి వాడేవారికి ఇది నిజంగా ఉపయోగం. ఒకే చోట పనిచేసేవారికి దీనివల్ల కొత్తగా ఒరిగేదేమీ లేదు.

తెలుగు పాట దగ్గర చూసుకోవలసినవి

మార్కెట్లో దొరికే గొంతు చైన్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషు పాప్, ర్యాప్ పాటలను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. వరుస మనకూ పనికివస్తుంది. కొన్ని విలువలు మాత్రం మన పాటకు నేరుగా హాని చేస్తాయి. వాటిలో మొదటిది శ్రుతి దిద్దే ప్లగిన్. 1997లో ఆంటారెస్ సంస్థ ఆటో-ట్యూన్ తెచ్చిన నాటి నుంచి ఈ ప్లగిన్ల మూలసూత్రం ఒకటే: పాడిన స్వరాన్ని దగ్గరలోని స్థిరమైన స్వరస్థానానికి లాగడం. ఎంత త్వరగా లాగాలన్నది రీట్యూన్ స్పీడ్ నిర్ణయిస్తుంది. చైన్లలో అది తరచు సున్నాకు దగ్గరగా, అంటే అతి వేగంగా లాగేలా, ఉంటుంది. గమకంలో స్వరం ఒక స్థానంలో నిలబడదు, ఇరుగుపొరుగు స్థానాల మధ్య ఊగుతుంది. తోడిలో గాంధారాన్ని ఆ ఊపు లేకుండా ఊహించలేము. అటువంటి చోట వేగంగా లాగే ప్లగిన్ ఊపును మెట్లుగా నరికేస్తుంది. సినిమా పాటలోనైనా రాగం ఛాయ ఉన్న చోట ఇదే జరుగుతుంది. కాబట్టి ఏ చైన్ తెచ్చుకున్నా మొదట ఈ ప్లగిన్‌ను ఆపేసి వినాలి. నిజంగా అవసరమైతే రీట్యూన్ వేగాన్ని బాగా తగ్గించి, పాట రాగానికి తగిన స్వరాలనే ఎంచుకుని, గమకం ఉన్న పాదాల్లో ఆటోమేషన్‌తో (పాటలో ఎక్కడ ఏ విలువ మారాలో ముందే గీసిపెట్టే ఏర్పాటుతో) ఆపుకోవాలి. శ్రుతి తప్పిన అక్షరాలు నాలుగైదే ఉంటే చేత్తో ఒక్కొక్కటి దిద్దడం ఇంతకంటె శుభ్రమైన పని.

రెండోది నాయిస్ గేట్, అంటే ఒక మట్టానికి తక్కువైన శబ్దాన్ని మూసేసే ఎఫెక్టు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పాదం చివరి అచ్చును గాయకులు సన్నగా సాగదీసి వదులుతారు. ర్యాప్ గొంతుకు కట్టిన చైన్‌లో గేట్ థ్రెషోల్డ్ ఎత్తుగా ఉంటే ఆ చివరి సాగుదల మధ్యలోనే తెగిపోతుంది. గేట్‌ను తీసేసి, పాదాల మధ్య ఖాళీలను చేత్తో కత్తిరించడం మేలు. డీ-ఎస్సర్ విషయంలో స, శ, ష, చ ఉన్న పాదాలను ఎంచుకుని వినాలి. ఆ ఊదు సాధారణంగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఆడ గొంతుల్లో ఇంకొంచెం పైకి జరగవచ్చు. చైన్‌లోని డీ-ఎస్సర్ ఒకచోట స్థిరంగా పెట్టి ఉంటుంది కనుక దాన్ని మన గొంతు ఊదు ఉన్న చోటికి జరపాలి. ప, ఫ, భ అక్షరాల దగ్గర మైకును కొట్టే గాలి దెబ్బను ఏ చైనూ పూర్తిగా తీయలేదు; అది రికార్డింగు వేళ పాప్ ఫిల్టర్ చేయవలసిన పని.

మన వాద్యాలకు ప్రీసెట్ల జాబితాలో పేరే కనబడదు. వీణకు ఎకూస్టిక్ గిటారు చైన్‌తో మొదలుపెట్టవచ్చు. మృదంగానికి కాంగా, బొంగో చైన్లు పెడితే అందులో 100 హెర్ట్జ్ పైన పెట్టిన హై-పాస్ ఫిల్టర్ ఎడమ మూత గుమికిని సగం తినేస్తుంది. ఆ ఫిల్టరును కిందికి దించాకే మిగతా విలువలు వినాలి. డప్పుకైతే కంప్రెసర్ అటాక్ (పని మొదలుపెట్టే వేగం) నెమ్మదిగా ఉన్న చైన్‌నే ఎంచుకోవాలి, లేకపోతే పుల్ల దెబ్బ మొన విరిగిపోతుంది.

కరోకే ట్రాకు మీద పాడేవారికి మరో చిక్కు ఉంది, అది చైన్ కొనడానికి ముందే తీరాలి. దొరికే ట్రాకులు చాలావరకు ముందే మాస్టరింగ్ అయి, శిఖరాలు సున్నా డెసిబెల్స్ దాకా నిండి ఉంటాయి. దాని పక్కన గొంతును వినిపించడానికి గొంతును పెంచుతూ పోతే మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి ఛానెల్) మీద లిమిటర్ (శిఖరాలను ఒక హద్దు దాటనివ్వని ఎఫెక్టు) రెండింటినీ కలిపి నలిపేస్తుంది. ముందు ట్రాకును 6 నుంచి 8 డెసిబెల్స్ తగ్గించి, గొంతు సగటును మైనస్ 18 ప్రాంతంలో ఉండేలా క్లిప్ గెయిన్‌తో (రికార్డు చేసిన ముక్క మట్టాన్నే మార్చే మీటతో) సరిచేసి, అప్పుడు చైన్ పెట్టాలి. పాత యంత్రాలను అనుకరించే ప్లగిన్లను చాలావరకు ఆ మైనస్ 18 మట్టానికే సరిచూసి తయారుచేస్తారు. ఈ ఒక్క పని చేసిన తరువాత ఉచిత చైన్లే అనుకున్నదానికంటె ఎంతో బాగా వినబడతాయి, కొనాలన్న కోరిక చాలామందిలో అక్కడే తగ్గుతుంది.

గది సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కంప్రెసర్ 6 డెసిబెల్స్ తగ్గించి, ఆ మేరకు మేకప్ గెయిన్‌తో మళ్ళీ పెంచితే, మాటల మధ్యనున్న ఫ్యాను మోత, గోడల ప్రతిధ్వని కూడా 6 డెసిబెల్స్ పైకి లేస్తాయి. ఖాళీ గదిలో పాడిన గొంతు మీద చైన్ పెట్టాక మరింత చెడ్డగా వినబడటానికి కారణం ఇదే. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న గదిలో, ఫ్యాను ఆపి, మైకుకు జానెడు దూరంలో పాడితే కలిగే మేలును ఏ ధర చైనూ ఇవ్వలేదు.

పోల్చి చూసే తీరు

రెండు చైన్లను పోల్చేటప్పుడు చెవి చేసే మోసం ఒకటుంది: ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా అదే బాగున్నట్టు అనిపిస్తుంది. చైన్లు కట్టేవారికి ఇది తెలుసు, అందుకే ప్రీసెట్ పెట్టగానే శబ్దం పెరుగుతుంది, మనకు నచ్చుతుంది. కాబట్టి చైన్ చివర గెయిన్ ప్లగిన్ ఒకటి పెట్టి, చైన్ ఉన్నప్పుడూ లేనప్పుడూ గొంతు ఒకే మట్టంలో వినబడేలా సరిచేసి, అప్పుడే బైపాస్ నొక్కుతూ వినాలి. చైన్ లేనప్పుడే బాగుందని తేలినా ఆశ్చర్యపడనక్కర్లేదు. గొంతును ఒంటరిగా వింటూ తీర్పు ఇవ్వడం కూడా తప్పే. సోలోలో పలచగా ఉన్నట్టున్న గొంతు ట్రాకుతో కలిశాక సరిగ్గా కూర్చోవడం తరచు జరిగేదే. హెడ్‌ఫోన్లలో ఒకసారి, ఫోను స్పీకరులో ఒకసారి విని చూడటం సరిపోతుంది.

పాడుతూనే చైన్ వినాలనుకునేవారు లేటెన్సీని, అంటే పాడిన శబ్దం తిరిగి చెవికి చేరేలోగా జరిగే ఆలస్యాన్ని, కూడా చూసుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపుల్స్ బఫర్ (కంప్యూటరు ఒక్కో విడతకు తీసుకునే ధ్వని ముక్క) అంటే 2.7 మిల్లీసెకన్లే, దాన్ని చెవి పట్టించుకోదు. కాని ముందుచూపుతో పనిచేసే లిమిటర్లు, లీనియర్ ఫేజ్ ఈక్యూలు, శబ్దం తీసే ప్లగిన్లు చైన్‌లో ఉంటే ఆలస్యం పదుల మిల్లీసెకన్లకు చేరి, తన గొంతు తనకే వెనుకబడి వినబడుతుంది, తాళం జారుతుంది. పాడే వేళకు తేలికపాటి కంప్రెసర్, రివర్బ్ మాత్రమే ఉన్న చిన్న చైన్, మిక్సింగ్ వేళకు పూర్తి చైన్ ఉంచుకోవాలి.

ఇక ఎవరికి ఏది అన్న ప్రశ్నకు వస్తే, నెలకు ఒకటో రెండో పాటలు పాడి స్నేహితులకు, బంధువులకు వినిపించేవారు తమ సాఫ్ట్‌వేర్‌లోని ఉచిత చైన్‌తో ఆగిపోవచ్చు. వారానికోసారి కవర్ పాట విడుదల చేస్తూ, సమయం తక్కువగా ఉన్నవారికి డబ్బు పెట్టదలిస్తే అసిస్టెంట్ ఉన్న ప్లగిన్ మంచి పెట్టుబడి. ఆరు ఫేడర్ల ప్లగిన్ దాని తరువాతే. జానపదం, శాస్త్రీయం, భక్తి పాటలు పాడేవారికి మాత్రం ఏ సిద్ధపు చైనూ పూర్తిగా ఒప్పదు కనుక, సాఫ్ట్‌వేర్‌లోని చైన్ ఒకటి తీసుకుని, శ్రుతి ప్లగిన్‌నూ గేట్‌నూ తీసేసి, మిగతా విలువలు తమ గొంతుకు సరిచేసి, తమ సొంత చైన్‌గా భద్రపరుచుకోవడమే తగిన దారి. ఒకే మైకు, ఒకే గది, ఒకే గొంతు కనుక ఒకసారి కుదిరిన అంకెలు తరువాతి పాటకు దాదాపు అలాగే సరిపోతాయి, థ్రెషోల్డ్ ఒక్కటి కాస్త జరుపుకుంటే చాలు. అరువు తెచ్చిన చైన్‌కు లేని సౌలభ్యం ఇది. ఇతరుల గొంతులు కూడా మిక్స్ చేసి ఇచ్చేవారు ఆడ గొంతుకు ఒకటి, మగ గొంతుకు ఒకటి, కోరస్‌కు ఒకటి చొప్పున కట్టుకుని, ప్రతి దాని మొదట్లో గెయిన్ ప్లగిన్ పెట్టుకోవాలి. అప్పుడు మట్టం మారినప్పుడల్లా తిప్పవలసిన నాబ్ ఒక్కటే అవుతుంది.

మాస్టర్ మీద పెట్టే సిద్ధపు చైన్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. యూట్యూబ్, స్పాటిఫై రెండూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం గట్టితనాన్ని కొలిచే ప్రమాణం) ప్రాంతానికి మించి గట్టిగా ఉన్న పాటను తగ్గించే వినిపిస్తాయి కనుక, అతిగా నలిపే ప్రీసెట్ వల్ల గట్టితనం మిగలదు, నలుగుడు మాత్రమే మిగులుతుంది. శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకుండా లిమిటర్ ఒకటి పెట్టి వదిలేయవచ్చు.

పాటను తరువాత ఎప్పుడైనా స్టూడియోకు ఇచ్చే ఆలోచన ఉంటే, చైన్ వేసిన గొంతుతో పాటు ఏ ఎఫెక్టూ లేని గొంతును కూడా, మొదటి సెకను నుంచి మొదలయ్యేలా, 24 బిట్ వేవ్ ఫైలుగా ఎగుమతి చేసి పక్కన పెట్టుకోవాలి. ఇంజనీరు పని మొదలుపెట్టేది ఆ రెండో ఫైలుతోనే. మొదటిది మన మనసులో ఉన్న ధ్వని ఏమిటో ఆయనకు తెలియజేయడానికి ఉపయోగపడుతుంది.